నెత్తి మీద చెయ్యి

మొన్న మా అమ్మాయి బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. వచ్చే ఏడాది నుంచి ప్రతి తరగతిలోనూ ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ఒకరిద్దరిని చేర్చుకుంటామని ప్రిన్సిపాల్ చెప్పారు. తెర మీద రంగురంగుల బొమ్మలు వేసి చూపించారు. నా ముందు వరసలో ఒక తండ్రి లేచి, ఎంతో మర్యాదగా, "మాకేం అభ్యంతరం లేదు మేడమ్. మావాడి సిలబస్ మాత్రం వెనకబడదు కదా?" అని అడిగాడు. చుట్టూ తలలు ఊగాయి. నాకు కోపం రావాలి, నవ్వొచ్చింది. ఇలాంటి ప్రశ్న నేను చిన్నప్పుడే విన్నాను. అదీ ఇంచుమించు ఈ చోటే, ఇక్కడ ఈ బడీ ఈ రోడ్డూ లేక ఉత్త బండలున్న కాలంలో.

మీటింగయ్యాక గేటు దగ్గర ఆటో కోసం నిలబడ్డాం. మా అమ్మాయి అలవాటుగా గోళ్లు కొరుకుతోంది. రోడ్డుకు అవతల రేకుల గోడ వెనక ఏదో కొత్త టవరుకు పునాది తవ్వుతున్నారు. ఉన్నట్టుండి సైరన్ మోగింది, రాయి పేల్చబోతున్నారని. నా కుడి చెయ్యి నన్నడక్కుండానే లేచి నెత్తి మీద కూర్చుంది.

"అమ్మా, ఏంటది? తల మీద చెయ్యెందుకు?" అంది మా అమ్మాయి.

ఆటోలో కూర్చున్నాక చెప్పడం మొదలుపెట్టాను.

నా చిన్నతనంలో కొత్తగూడ అంటే బండలు, సీతాఫలం చెట్లు, నాలుగు వీధుల ఊరు. హైటెక్ సిటీ అప్పుడే లేస్తోంది. మా నాయనమ్మ దాన్ని "గా అద్దాల బంగ్లా" అనేది. ఎండకు అది మెరిస్తే, "గంత అద్దం ఎవలు తుడుస్తరే?" అని నిజంగా దిగులుపడేది. వానలు వెనకబట్టి దసరా దగ్గరపడే రోజుల్లో ఊరంతా రెండే వాసనలు. ఒకటి మా ఇంట్లో గడ్డి పరిచి మాగేసిన సీతాఫలాలది. రెండోది పేల్చిన రాతిది. దీపావళి మర్నాడు వాకిట్లో వచ్చే మందు వాసన లాంటిదే, కాకపోతే రోజూ ఉండేది.

మా బడి ఒక కిరాయి ఇల్లు. మూడు గదులు, ఒక వరండా, వెనక రేకుల షెడ్డు. బోర్డు మీద ఇంగ్లీషు మీడియం, లోపల పాఠం తెలుగులో, తిట్లు ఉర్దూలో. బడి పెట్టినాయన్ని పెద్దసారు అనేవాళ్లం. బెల్టు పెట్టుకున్నా ఆయన ప్యాంటు నిలిచేది కాదు. మాట మాటకీ పైకి లాక్కునేవాడు. మేము లెక్క తప్పు చేస్తే ఆయన అనే సామెత ఒకటే: "మీకు చెప్పుడు చెవిటోని ముందర శంఖం ఊదుడే."

బడికి కొంచెం అవతలే కొత్త మేడల పునాదులకు రాళ్లు పేల్చేవాళ్లు. మధ్యాహ్నం అన్నాల వేళకు జెండా తాత అనే ముసలాయన ఎర్రజెండా పట్టుకుని బండ మీదికెక్కి ఈల వేసేవాడు. ఈల వినగానే ఎక్కడి వాళ్లం అక్కడ పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని వరండా కిందికి పరుగెత్తాలి. అది మా బడి ఆచారం. కాసేపటికి ఢామ్మని మోగేది, కిటికీలు గలగలమనేవి, పైనుంచి రాళ్లు రేకుల మీద టపటపా పడేవి. తర్వాత మళ్లీ అన్నం దగ్గర కూర్చునేవాళ్లం. పప్పులో దుమ్ము పడిందని ఎవరం పారబోయలేదు.

ఆ సీతాఫలాల రోజుల్లోనే మా తరగతిలోకి కొత్తమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్నది కోస్తా వైపు, ఆ అద్దాల మేడల పనిలో ఇంజనీరు. ఆ పిల్ల ఛాతీ మీద పట్టీలతో కట్టిన చిన్న డబ్బా, అందులోంచి రెండు చెవుల్లోకీ తీగలు. మేమంతా అది రేడియో అనుకున్నాం. మొదటిరోజే చుట్టూ చేరి, "స్కోరెంతనే?" అని అడిగాం. ఆ పిల్ల మా నోళ్ల వంక ఒక్కొక్కటిగా చూసి నవ్వింది. ఇంత గర్వమా అని మాకు మండింది. తర్వాత పెద్దసారు వచ్చి, "ఆమెకు ఇనరాదు. ఆ మిషన్ పెట్టినా ఏదో జరంత తెలుస్తది, గంతే" అని చెప్పాడు. చెప్పి, మేము గోల చేస్తుంటే అలవాటు కొద్దీ "మీకు చెప్పుడు చెవిటోని..." దాకా వచ్చి, దగ్గి, ప్యాంటు లాక్కున్నాడు. ఆ సామెత మళ్లీ ఆయన నోట వినలేదు.

నాకు మాత్రం ఆ పిల్ల మీద కంటే ఆ చెవుల మీద మహా కుతూహలం. ఇనరాకపోవడమంటే ఎట్లుంటుంది? చీకటిలాగా ఉంటుందా, నీళ్లలో మునిగినట్టుంటుందా? కలలో వాళ్ల అమ్మ మాట్లాడితే వినబడుతుందా? ఇంటికి పోయి చెవుల్లో దూది కుక్కుకుని కూర్చున్నాను. నాయనమ్మ పిలిచి పిలిచి, చివరికి చీపురు పట్టుకుని వచ్చింది. అది మాత్రం బాగా కనబడింది.

రోజూ అన్నాల వేళకు వాళ్ల అమ్మ క్యారేజీ పట్టుకుని వచ్చేది. సన్నగా, నేత చీరలో, ఎప్పుడూ తొందరలో ఉన్నట్టుండేది. నాలుగు ముద్దలు తినిపించగానే మాటల పాఠం మొదలు. పెదాల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని 'ప' అనేది, కాగితం ఊగేది. 'మ' అనేది, ఊగేది కాదు. తర్వాత కూతురి అరచెయ్యి తన గొంతుకు ఆనించుకుని 'అమ్మ' అనేది, అదే చెయ్యి కూతురి గొంతుకు పెట్టి అనమనేది. ఆ పిల్ల నొసలు ముడిచి, కండరాలన్నీ బిగించి, చివరికి ఒక శబ్దం తీసేది. "అద్గదీ. ఇంకోసారి నాన్నా, నా నోరు చూడు" అనేది వాళ్లమ్మ. మేమంతా పక్కన కూర్చుని కాగితాలు ఊపుకునేవాళ్లం. ఒకసారి ఆ పిల్ల ఏదో కావాలని వేలు చూపిస్తే వాళ్లమ్మ ఆ వేలిని మెల్లగా మడిచి ఒడిలో పెట్టేసింది. "చేతులతో కాదు, నోటితో అడుగు." నగరంలో మాటలు నేర్పే మేడమ్ గట్టిగా చెప్పిందట, సైగలు అలవాటైతే మాట ఇక రాదని.

ఒక రోజు వాళ్లమ్మ క్యారేజీ సర్దుకుని వెళ్లాక, ఈల వేసేసరికి ఆ పిల్ల కుళాయి దగ్గరుంది, మాకు వీపు పెట్టి. మేమంతా వరండాలో చేరాక చూసుకున్నాం. అందరం కలిసి అరిచాం. ఎంత అరిస్తే ఏం లాభం? జెండా తాత జెండా పారేసి, బండ దిగి పరుగెత్తుకొచ్చి, మేకపిల్లను ఎత్తుకున్నట్టు చంకన వేసుకుని వరండాలోకి దూకాడు. వెంటనే పేలింది. కుళాయి కిందున్న బకెట్టు మీద రాయి పడి అది రెండు చెక్కలైంది.

సాయంత్రం కూతుర్ని తీసుకెళ్లడానికి వాళ్లమ్మ వచ్చినప్పుడు పెద్దసారు పగిలిన బకెట్టు చూపించాడు.

"అమ్మా, నీ బిడ్డ బంగారం. లెక్కలల్ల మావోళ్లకంటె నయం. కానీ రేపు తలకు రాయి తలిగితే నేనేం జవాబు చెప్పాలె? మిగిలిన పిల్లల తల్లిదండ్రులు గూడ అడుగుతున్నరు, ఒక్క పిల్లను చూస్కుంట కూసుంటే మా పిల్లల సదువేంగావాలె అని."

"ఎన్నో స్కూళ్లు తిరిగామండి. చేర్చుకుంది మీరొక్కరే" అంది ఆమె. గొంతు పైకి లేవలేదు. "మళ్లీ తిరగమంటే ఎక్కడికి వెళ్లమండి?"

పెద్దసారు చాలాసేపు ప్యాంటు లాక్కున్నాడు. "దసరా సెలవులదాంక చూస్త. అప్పటికి ఏదన్న ఉపాయం దొరికిందా, ఉంటది. దొరకలేదనుకో, నన్ను మాఫ్ చేయాలె."

ఆ ఉపాయమేదో మేమే కనిపెట్టాలని మాకు పట్టుదల వచ్చింది. దయతో కాదు, పోటీతో. మొదట చింతకాయలు విసిరి చూశాం. ఆమె వాటిని ఏరుకుని తిన్నది. తర్వాత ఒక తాడు ఆమె నడుముకు కట్టి రెండో కొస నేను పట్టుకున్నాను. ఈల వినగానే నేను లాగాను, ఆమె ఉత్సాహంగా నాకంటే గట్టిగా లాగింది, ఇద్దరం దుమ్ములో పడ్డాం. మా అమ్మ చేతి అద్దం దొంగతనంగా తెచ్చి ఎండను ముఖం మీదికి కొట్టాను. బాగానే పని చేసింది గానీ మర్నాడు మబ్బు పట్టింది.

చివరికి ఉపాయం నా మతిమరుపులోంచి వచ్చింది. ఆ రోజు నా సంచి తరగతిలో మర్చిపోయాను. ఈల వినగానే నెత్తిన పెట్టుకోవడానికి ఏమీ లేక, ఒట్టి చెయ్యి పెట్టుకుని పరుగెత్తాను. దూరంగా బండ మీద కూర్చున్న కొత్తమ్మాయి నన్ను చూసింది. తనూ చెయ్యి నెత్తిన పెట్టుకుంది, లేచింది. వస్తూ వస్తూ షెడ్డు పక్కన ఇసుకలో ఆడుకుంటున్న చిన్నపిల్లల దగ్గర ఆగి, వాళ్లకూ చెయ్యి చూపించింది. షెడ్డు అవతల తిరిగే కాంక్రీటు మిషను మోతలో వాళ్లకు ఈల వినబడలేదు. చెవులున్న వాళ్లను ఆ పిల్ల తోలుకొచ్చింది. కిటికీలోంచి పెద్దసారు ఇదంతా చూశాడు.

మర్నాటి నుంచి అదే ఆచారమైంది. విన్నవాళ్లు చెయ్యి నెత్తిన పెట్టాలి, చూసినవాళ్లు కూడా పెట్టాలి. మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు చేతులు లేచేవి. నాలుగు రోజులు పోయాక ఆ పిల్లే అందరికంటే ముందు చెయ్యి పెట్టడం మొదలుపెట్టింది. మేము ఈల కోసం చూసేవాళ్లం, ఆమె జెండా తాత నోటికి ఈల పోవడం చూసేది.

అయితే ఊళ్లో కొత్త గొడవ లేచింది. మా వైపు నెత్తి మీద చెయ్యి పెట్టుకోవడం అరిష్టం. ఏదో కోల్పోయినవాళ్లు అట్లా కూర్చుంటారు. మా నాయనమ్మ నన్ను ఆ భంగిమలో చూసి, "ఎవల కొంప మునిగిందని పెట్టుకున్నవే? తియ్ ముందుగాల" అని చెయ్యి లాగేసింది. నలుగురు ముసలమ్మలు కూడి బడికే వచ్చారు, పిల్లలకు ఇదా నేర్పేది అని. పెద్దసారు ఓపికగా విని, "నెత్తి మీద రాయి పడుడు కంటె పెద్ద అరిష్టం ఏమున్నదవ్వా?" అన్నాడు. ఇంట్లో మాత్రం పెట్టుకోవద్దని రాజీ కుదిరింది.

ఒక చెయ్యి లేచాక మిగిలినవి ఆగుతాయా? ఆ పిల్ల అందరికీ పేర్లు పెట్టింది. మనిషిని ఒక రోజంతా చూసి, మర్నాడు పెట్టేది. పెద్దసారంటే ప్యాంటు పైకి లాక్కోవడం. మా నాయనమ్మంటే ముక్కుపొడి పీల్చడం. నేనంటే బుగ్గలు పూరించి సీతాఫలం గింజ ఉమ్మడం. నాకు ఇంతకంటే మంచి పేరు లేదా అని అలిగితే, నా గౌనుకు అంటుకున్న గింజ తీసి నా చేతిలో పెట్టింది. పాఠం జరుగుతుండగానే బెంచీల కింద చేతులతో ఊరి కబుర్లన్నీ నడిచేవి. జవాబులు కూడా నడిచేవి. తరగతిలో ఇంత నిశ్శబ్దం ఎన్నడూ చూడలేదని పెద్దసారు మమ్మల్ని మెచ్చుకున్నాడు. కల సంగతి కూడా అడిగాను. చాలా తంటాలు పడ్డాక అర్థమైంది ఆమెకు. కలలోనూ అందరం చేతులతోనే మాట్లాడతామట. నేను అక్కడా గింజలు ఉమ్ముతున్నానట.

దసరా సెలవులకు ముందు రోజు. ఆడపిల్లలం బండల మీద తంగేడు పూలు కోసుకొచ్చి వరండాలో బతుకమ్మ పేరుస్తున్నాం. వాళ్లమ్మ వచ్చింది. పెద్దసారు తనే ఎదురెళ్లాడు. "అమ్మా, ఇగ ఫికర్ లేదు. మీ బిడ్డ ఈడనే ఉంటది. మా పిల్లలను ఆమెనే చూస్కుంటున్నది."

ఆమె ముఖం వికసించలేదు. "మీరు చేసిన మేలు మర్చిపోనండి. కానీ టీసీ ఇప్పించండి. దీనికి చేతులొచ్చేశాయి. ఇంట్లో నోరు తెరవడం మానేసింది. ఒక్కో మాటా ఎంత కష్టపడి రాబట్టానో నాకే తెలుసు. అన్నీ పోతున్నాయండి." చెబుతూ చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నా చేతిలో పూలు అట్లాగే ఉండిపోయాయి. ఉండనివ్వనన్న మనిషి ఉండమంటున్నాడు, ఉంచమని బతిమాలిన మనిషి తీసుకుపోతానంటోంది. ఆ పిల్ల మా ముఖాలు మార్చి మార్చి చూస్తోంది. తన గురించేనని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. అది చూడలేకపోయాను.

"ఆంటీ, ఆమె అందరికీ పేర్లు పెట్టింది" అన్నాను. ఏదో ఒకటి అనాలని అన్న మాట అది.

"పేర్లా?"

నా పేరు చూపించాను, ఉత్తుత్తి గింజ ఉమ్మి. "నాకు గూడ పెట్టిందా?" అన్నాడు పెద్దసారు. ప్యాంటు లాక్కుని చూపించాను. ఆయన చెయ్యి బెల్టు మీదికి పోబోయి ఆగింది. వాళ్లమ్మకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు సగంలో ఆగి, "మరి నన్నేమంటుంది?" అని అడిగింది.

నాకు తెలుసు. చెప్పాలనిపించలేదు. కానీ అడిగితే చెప్పక తప్పదు. అరచెయ్యి నా గొంతుకు ఆనించుకుని చూపించాను.

ఆమె వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది. "అంతేనన్నమాట. అమ్మను కాదు. పాఠాన్ని."

మేమందరం కూడా అట్లాగే అనుకున్నాం. ఆ పిల్ల నా భుజం తట్టి, ఏమైందని అడిగింది. వాళ్లమ్మ పేరు చూపించాను, కాగితం ముక్క పట్టుకున్నట్టు పట్టి 'ప' అన్నాను, చెంపల మీద కన్నీళ్లు గీశాను. ఆ పిల్లకు అర్థమైంది. తల అడ్డంగా ఎంత గట్టిగా ఊపిందంటే చెవిలో తీగ ఊడి వచ్చింది. వెళ్లి వాళ్లమ్మ పక్కన కూర్చుంది. అమ్మ భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. మూసుకుని, అరచెయ్యి అమ్మ గొంతు మీద పెట్టింది. తర్వాత ఒక కన్ను తెరిచి, అమ్మ నోటిని చూపించి, వేళ్లు తెరిచి మూసి మాట్లాడుతున్నట్టు ఆడించింది. అమ్మ చెయ్యి తీసుకుని తన వీపు మీద వేసి జోకొట్టించుకుంది. మళ్లీ కన్ను మూసింది.

పెద్దసారు నా వైపు చూశాడు. ఆయనకు తెలియలేదు. వాళ్లమ్మకు తెలిసింది.

"పడుకోబెట్టేటప్పుడు ఏదో ఒకటి మాట్లాడుతుంటానండి" అంది, ఎవరికి చెబుతోందో తెలియకుండా. "వినబడదని తెలుసు. లైటు తీసేశాక పెదాలు కూడా కనబడవు. ఊరికే, అలవాటు కొద్దీ. కూర మాడిందనీ, పక్కింటావిడ ఇలా అందనీ. చెయ్యి ఇక్కడ పెట్టుకునే పడుకుంటుంది. నిద్రలో చెయ్యి అలా పడిందేమో అనుకునేదాన్ని."

పిల్ల వీపు మీది చెయ్యి అట్లాగే జోకొడుతోంది. టీసీ సంగతి పెద్దసారు ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు. కాసేపటికి లేచి కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ వస్తామని కూడా అనలేదు.

ఆ దసరా సెలవులు నాకు అసలు ఎక్కలేదు. నాయనమ్మ సీతాఫలాలు వలిచి పెడితే గింజలు మెల్లగా చేతిలోకి తీసుకున్నాను. బడి తెరిచిన రోజు బెంచీలో ఆ పిల్ల చోటు ఖాళీగా ఉంది. అన్నాల వేళ దాకా గేటు వంకే చూశాను. అప్పుడు వచ్చారు, తల్లీ కూతురూ, బస్సు దొరక్క ఆలస్యమై, చెమటలు కక్కుకుంటూ. గేటులో అడుగు పెడుతుండగా జెండా తాత ఈల వేశాడు. ఆ పిల్ల వంగి చెప్పు బకిల్ సరిచేసుకుంటోంది, చూడలేదు.

వాళ్లమ్మ విన్నది. క్యారేజీ కుడిచేతిలోంచి ఎడమచేతికి మార్చుకుంది. ఎవరైనా పెద్దవాళ్లు చూసి కసురుతారేమో అన్నట్టు ఒకసారి అటూ ఇటూ చూసింది. మెల్లగా చెయ్యి ఎత్తి నెత్తి మీద పెట్టుకుంది. పెట్టుకుని, కూతురు తలెత్తేదాకా అట్లాగే నిలబడింది. తలెత్తిన పిల్ల ముఖం నేను చూశాను. అంత సంతోషం ఒక ముఖంలో పడుతుందని అప్పటిదాకా నాకు తెలియదు.

"ఇగ లోపటికి రాండ్రమ్మా, రాళ్లు పడ్తయ్" అని అరిచాడు పెద్దసారు.

కాగితం పాఠం తర్వాత కూడా మానలేదామె. చేతులు మడిచి ఒడిలో పెట్టడం మాత్రం మానేసింది. ఏడాది తిరిగేసరికి వాళ్ల నాన్న పని వేరే ఊరికి మారింది, వెళ్లిపోయారు. మా బడి ఉన్న చోట ఇప్పుడు పది అంతస్తుల ఆఫీసు. ఆ పిల్ల అసలు పేరు ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. ఆమె పెట్టిన పేర్లు మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు.

ఇదంతా విని మా అమ్మాయి నా వైపు జరిగింది. తర్వాత అరచెయ్యి తెచ్చి నా గొంతుకు ఆనించింది. "ఏదైనా మాట్లాడు" అంది.

"ఏం మాట్లాడను?"

"కూర మాడిందని చెప్పు."

చెప్పాను. రేపు పాలవాడు రాడని, నాన్నకు జలుబు చేసిందని కూడా చెప్పాను. కళ్లు మూసుకుని విన్నది. ఆటో ఫ్లైఓవర్ ఎక్కింది.

"వచ్చే ఏడాది మా క్లాసులోకి వచ్చేవాళ్లు నాకేం పేరు పెడతారు?"

"నిన్ను ఒక రోజంతా చూసి పెడతారు."

అలవాటుగా మళ్లీ గోరు కొరుకుతూ ఆలోచించింది. తర్వాత నోట్లోంచి వేలు తీసేసి, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది.